చెత్త మీద కమిటీ వేస్తున్న అమ్మలుకి

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు పీహెచ్‌డీలో చేరి ఏడాది తిరక్కముందే క్యాంపస్‌లో ఒక కమిటీ వేస్తున్నావట. విద్యార్థులు, లెక్చరర్లు, ఆఫీసు సిబ్బంది, ఊడ్చేవాళ్లు, తోటపనివాళ్లు అందరూ అందులో ఉంటారట. క్యాంపస్ చెత్తకు ఒక దారి చూపించడం, ఆ చెత్త ఎత్తేవాళ్లకు న్యాయంగా జీతం అందేలా చూడడం, ఈ రెండిటినీ కలిపే పట్టుకుంటారట. "నీ మాటంటే దానికి గురి అక్కా, కాస్త మందలించి చదువు చూసుకోమను" అంది. సరేనన్నాను. ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతులో భయం ఎంత ఉందో, తన కూతురు ఇంత పని తలకెత్తుకుందన్న గర్వమూ అంతే ఉంది. నా సంగతీ అంతే. అందుకే మందలింపూ, చెప్పాల్సినవీ కలిపి ఉత్తరంగా రాస్తున్నాను. ఫోన్లో అయితే "సరే పెద్దమ్మా, సరే" అంటూ పెట్టేస్తావు.

నేను యూనివర్సిటీలో పాఠాలు చెప్పలేదు, ఎస్టేట్ ఆఫీసులో ఫైళ్లు చూశాను. శానిటేషన్ కాంట్రాక్టు ఫైలు ఏళ్ల తరబడి నా బల్ల మీదుగానే కదిలింది. టెండరు ఎలా తయారవుతుందో, బిల్లు ఎక్కడ ఆగుతుందో, మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, ఎవరి పేరు ఉంటుందో, పని ఎవరు చేస్తారో దగ్గరగా చూశాను. పర్యావరణం గురించి నీకు నేను చెప్పగలిగింది తక్కువ. ఆ ఫైలు గురించి మాత్రం నీకు చెప్పేవాళ్లు ఇంకెవరూ దొరకరు.

మీ అమ్మ భయానికి కారణం లేకపోలేదు. 2025 మార్చి చివర్లో, ఉగాది సెలవుల్లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగినప్పుడు అది టీవీ ముందు నుంచి లేవలేదు. అడ్డుపడిన యూనివర్సిటీ పిల్లల్ని పోలీసులు వ్యాన్లలోకి ఎక్కించడం దాని కళ్లలో అలాగే ఉండిపోయింది. నేనూ చూశాను. రాత్రిపూట యంత్రాల వెలుగులో నెమళ్లు అరుస్తున్న వీడియో చూసి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లలు, వాళ్ల టీచర్లు వెనక్కి తగ్గలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేత ఆపమంది. అక్కడ చెట్టుకీ జింకకీ నెమలికీ ఫోన్ కెమెరా పెద్ద అండగా నిలిచింది. నువ్వు పట్టుకున్న పనిలో అదే కెమెరా మనిషి పొట్ట కొట్టగలదు. అది ఎలాగో కింద రాస్తాను. ఆ భాగం రెండుసార్లు చదువు.

ముందు తేలిక సంగతులు చెప్పేస్తాను. రోజుకు 100 కిలోలకు మించి చెత్త పుట్టే చోటును 2016 ఘన వ్యర్థాల నియమాల్లోనే ప్రత్యేకంగా లెక్కగట్టారు. మూడు నాలుగు హాస్టళ్లున్న ఏ క్యాంపస్ అయినా అందులోకి వస్తుంది. తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరుచేయడం, తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవడం యూనివర్సిటీ బాధ్యత. ఎవరి దయా అక్కర్లేదు, నియమం అది. ఆరుబయట చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే చెప్పింది. ల్యాబుల్లో మిగిలిన రసాయనాలు, సూదులు మామూలు చెత్తలో కలవకూడదు. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు.

ఎరువు గుంత వాసన కొడుతోందంటే తడి ఎక్కువైందని అర్థం. మెస్ చెత్త ఒక వంతు వేస్తే ఎండాకులు రెండు మూడు వంతులు వేయాలి, మధ్యమధ్యలో తిరగెయ్యాలి. ఏ ఆకులైతే తగలబెడుతున్నారో అవే మెస్ చెత్తకు మందు. వాసన వచ్చిన మొదటి వారమే హాస్టల్ పిల్లలు గుంత మూయించేయమని వార్డెన్ మీద పడతారు. అందుకని ఎండాకుల బస్తాలు ముందే నింపి పెట్టుకుని అప్పుడు మొదలుపెట్టండి.

రంగురంగుల డబ్బాలు పెట్టే ముందు ఒక పొద్దున హాస్టల్ చెత్త ఎత్తే చోట నిలబడి చూడు. నల్ల కవరు ముడి విప్పితే లోపల ఏముంటుందో చూడు. అన్నం మెతుకుల్లో కూరుకుపోయిన షేవింగ్ బ్లేడు, పగిలిన ట్యూబ్‌లైట్ ముక్క, కాగితం కూడా చుట్టకుండా పడేసిన ప్యాడ్లు. వాటిని వేరుచేసే చేతికి గ్లవ్స్ ఉంటే అవి మోచేతి దాకా తడిసి, వేళ్ల దగ్గర చిరిగి ఉంటాయి. మీరు మూడు డబ్బాలు పెట్టి, మేడ మీద పిల్లలు మాత్రం ఎప్పటిలాగే అన్నీ ఒకే కవర్లో కుక్కి పడేస్తే, ఆ వేరుచేసే పని మొత్తం ఆమె మీద పడుతుంది. జీతం అంతే, పని రెట్టింపు. పర్యావరణం పేరుతో మొదలైన చాలా మంచి పనులు చివరికి ఇలా కిందివాళ్ల నడుం మీదికే వచ్చి చేరడం నేను చూశాను. పారేసే చెయ్యే వేరుచేయాలి. మీ కమిటీ మొదటి నెల పనంతా గదుల్లో ఉండేవాళ్లతోనే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతి.

నేను సర్వీసులో ఉన్నప్పుడు మా దగ్గర ఒక యువ లెక్చరర్ ఉండేవారు. చాలా మంచి మనిషి. ఆయన వెంట కొంతమంది పిల్లలు తిరిగేవారు. క్యాంపస్‌లో ఆకులు తగలబెట్టడం ఆపించాలని వాళ్ల పట్టుదల. చలికాలం పొద్దున లేడీస్ హాస్టల్ వెనక పొగ కిందికి దిగి కదిలేది కాదు. ఆయాసం ఉన్న పిల్లలు ఇన్‌హేలర్ పట్టుకుని కిటికీలు మూసుకుని కూర్చునేవారు. వాళ్ల కోపంలో తప్పేమీ లేదు. ఒకరోజు తెల్లవారుజామున కాపు కాసి ఫొటో తీశారు. పొగలో ఒక ఆడమనిషి, చేతిలో పొడుగు కర్ర చీపురు, ముక్కుకు అడ్డంగా కట్టుకున్న చీరకొంగు, కాళ్ల దగ్గర మంట. కళ్లూ, నుదుటి మీద బొట్టూ స్పష్టంగా పడ్డాయి. క్యాంపస్‌లో ఎవరు చూసినా ఇట్టే గుర్తుపడతారు. అది పోస్టరై నోటీసు బోర్డులు ఎక్కింది. రెండు రోజులకు పేపర్లో జిల్లా పేజీలో పడింది.

ఆమెను మేమంతా పెద్దక్క అనేవాళ్లం.

పేపర్లో పడిన రోజే పైనుంచి మెమో దిగింది. "బాధ్యులపై తగు చర్య తీసుకుని నివేదించవలెను" అని ఒక్క వాక్యం. అది కాంట్రాక్టరుకు వెళ్లింది. అతనికి బాధ్యులు ఎవరో వెతుక్కునే పని లేకుండా ఫొటో ఉంది. మర్నాటి నుంచి పనిలోకి రావద్దని పెద్దక్కకు చెప్పించాడు. చర్య తీసుకున్నామని మా సెక్షన్‌కు ఉత్తరం వచ్చింది. ఫైలు మూసేశారు.

వారం తర్వాత ఆమె మా ఆఫీసుకు వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికి వచ్చి, తను ఇన్నేళ్లు ఇక్కడ పనిచేసినట్టు ఒక కాగితం ఇప్పించమంది. వేరేచోట పని అడుగుదామని. మస్టర్ తీశాం. ఆమె పేరు లేదు. ముందటి పుస్తకాలు తీశాం, అందులోనూ లేదు. ఎప్పుడో ఎవరో పని మానేస్తే వాళ్ల బదులు చేరిందట. అప్పటి నుంచి ఆ మానేసినావిడ పేరు మీదే హాజరు పడుతూ వచ్చింది. కాంట్రాక్టర్లు మారారు, ఆ పేరు మాత్రం మారలేదు. జీతంలో పీఎఫ్ కోత పడిందని చెప్పింది. పడితే ఆ డబ్బు ఎవరి ఖాతాకు చేరిందో చెప్పే కాగితం ఎక్కడా లేదు. ఇన్నేళ్లు ఆ దారులన్నీ ఊడ్చిన మనిషి కాగితాల ప్రకారం క్యాంపస్‌లో అడుగే పెట్టలేదు.

ఆకులు ఎందుకు కాల్చిందో అప్పుడు చెప్పింది. ట్రాక్టరు వారానికి ఒకసారి వచ్చేది. సూపర్‌వైజరు రౌండుకు వచ్చేసరికి కుప్ప కనిపిస్తే సగం పూట జీతం కోసేవాడు. గాలి వస్తే కుప్ప చెదిరిపోయి మళ్లీ మొదటి నుంచి ఊడవాలి. కాల్చెయ్యమని చెప్పింది సూపర్‌వైజరే, అగ్గిపెట్టె ఇచ్చిందీ అతనే. ఆ పొగ అందరికంటే ముందు పోయేది ఆమె ఊపిరితిత్తుల్లోకే. ఇదంతా తెలుసుకోవడానికి ఆ పిల్లలకు పది నిమిషాలు పట్టేది. పక్కన కూర్చుని "ఎందుకమ్మా కాలుస్తున్నావు?" అని అడిగి ఉంటే సరిపోయేది. చీకట్లో కాపు కాశారు తప్ప ఆ మాట అడగలేదు. అడగాలని తోచలేదు వాళ్లకు. నాకు ఇప్పటికీ కష్టంగా ఉండేది అదే. వాళ్లు న్యాయం కోసం బయల్దేరిన పిల్లలు, మరి ఆమె వాళ్ల లెక్కలోకి ఎందుకు రాలేదు?

సంగతి తెలిశాక వాళ్లు ఏడ్చారు, ధర్నాకు కూర్చున్నారు. ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరని కాంట్రాక్టరు రాసిచ్చాడు. కాగితం మీద అది నిజం కూడా. లెక్చరర్ గారు తన జేబులోంచి ఆమెకు డబ్బు ఇవ్వబోతే ఒక నెల తీసుకుంది, రెండో నెల వద్దంది. ఆయన ఆ తర్వాత క్యాంపస్‌లో ఏ పనికీ ముందుకు రాలేదు. మెత్తటి మనిషి, లోపల ఏదో విరిగిపోయింది. దాన్ని కూడా నేను నష్టంలోనే లెక్కవేస్తాను.

ఆకుల పొగ ఆగింది, కాకపోతే కొన్నేళ్ల తర్వాత. ఇంకో బ్యాచ్ పిల్లలు వచ్చి ఊడ్చేవాళ్లతో కూర్చున్నారు. ఇంజనీరు ప్లాన్‌లో ఆకుల గుంత లైబ్రరీ వెనక ఎక్కడో ఉంది. అంత దూరం బస్తా మోసుకెళ్లడం ఎవరి వల్లా కాదని వాళ్లు చెప్పారు. ఒక్కొక్కరు ఊడ్చే వరస ఎక్కడ ముగుస్తుందో అక్కడ, చెట్టు నీడన, చిన్న చిన్న గుంతలు తవ్వించమన్నారు. ట్రాక్టరు రోజు విడిచి రోజు రావాలని తర్వాతి టెండర్లో ఒక లైను పడింది. పోస్టరు లేదు, ఫొటో లేదు. పొగ పోయింది.

కాబట్టి తల్లీ, మనిషి ముఖం కనిపించే ఫొటో ఏదీ మీ కమిటీ పేరుతో బయటికి పోకూడదు. డబ్బా ఫొటో తీయండి, గుంత ఫొటో తీయండి, చిరిగిన గ్లవ్స్ ఫొటో తీయండి. ఆమె ఒప్పుకుంది కదా అంటావేమో. ఎదురుగా నలుగురు చదువుకున్న పిల్లలు నిలబడి అడిగితే కాదనడం ఆమెకు ఎంత కష్టమో నువ్వు ఆలోచించాలి. పేర్లూ అంతే. "కొందరు కార్మికులు చెప్పారు" అని రాస్తే చాలు.

మీటింగులు సాయంత్రం ఆరింటికి పెడుతున్నారని మీ అమ్మ చెప్పింది. చీకటితో వచ్చి ఊడ్చేవాళ్లు మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. ఆరింటికి మీటింగు అంటే వాళ్లు రాకూడదనే అర్థం, మీరు ఆ ఉద్దేశంతో పెట్టకపోయినా. డ్యూటీ దిగే వేళకు అరగంట పెట్టండి. సూపర్‌వైజరు కంటపడని చోట పెట్టండి. అందరికీ ఒకే రకం కుర్చీలు వేయండి, వాళ్లు కింద కూర్చుంటామంటే మీరూ కింద కూర్చోండి. మొదటి రెండు మూడుసార్లు వాళ్లు మాట్లాడరు. "అంతా బాగానే ఉందమ్మా" అంటారు. నువ్వు కంగారుపడి మాటలు వాళ్ల నోట్లో పెట్టకు.

ఇంకో మాట కూడా సూటిగా చెప్పాలి. ఆ చీపురు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఏ కులాలవాళ్లో నీకు తెలుసు. కాంట్రాక్టరు మారినా, కంపెనీ మారినా, మెషిన్లు వచ్చినా, ఆ పని మాత్రం అవే ఇళ్లకు ఎందుకు చేరుతోంది? ఈ ప్రశ్న మీ మీటింగుల్లో రాకపోతే మీది మొక్కలు నాటే సంఘంగా మిగిలిపోతుంది. బెజవాడ విల్సన్ గారి గురించి చదువు. కోలార్ బంగారు గనుల దగ్గర ఇదే పని చేసిన ఇంట్లో పుట్టారు. మనిషి మలాన్ని మనిషి ఎత్తే పని ఆగాలని ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి వాళ్లతో కలిసి సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిలబెట్టారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ ఉద్యమాన్ని ఆ ఇళ్లవాళ్లే నడిపారు, శంకరన్ గారు పక్కన నిలబడ్డారు. మీ కమిటీలో నీ చోటు కూడా ఆ పక్కనే.

2001లో హార్వర్డ్ విద్యార్థులు అక్కడి ఊడ్చేవాళ్ల, కాపలావాళ్ల జీతాల కోసం అధ్యక్షుడి ఆఫీసున్న భవనంలో 21 రోజులు బైఠాయించారని, మనమూ అలా చేద్దామని నువ్వు అన్నావట. వాళ్లు కూర్చున్నారు, జీతాలు పెరిగే దారీ పడింది. కానీ అంతకుముందు రెండేళ్ల పాటు ఆ పనివాళ్లతో కలిసి ప్రచారం చేసి, అన్ని తలుపులూ తట్టి, ఆ తర్వాత కూర్చున్నారు. నువ్వు ఇంకా మొదటి తలుపే తట్టలేదు.

ఆ తలుపు టెండరు. అందులో ఉన్నది జరుగుతుంది. లేనిది ఎవరైనా జాలిపడితే జరుగుతుంది, ఆ జాలి మనిషితో పాటే బదిలీ అయిపోతుంది. ఇప్పుడున్న కాంట్రాక్టు గడువు ఎప్పుడు తీరుతుందో ముందు కనుక్కో. అంతకు మూడు నాలుగు నెలల ముందు కొత్త షరతులు తయారవుతాయి. మీ కాగితం ఆ ఫైల్లోకి అప్పుడు చేరాలి. టెండరు పిలిచాక ఇస్తే "అగ్రిమెంటులో లేదు" అన్న జవాబు నేనైనా రాయాల్సిందే. ఏడాదికి ఎన్ని జతల గ్లవ్స్, ఎన్ని జతల బూట్లు, నెలకు ఎన్ని సబ్బులు అన్నది అంకెల్లో రాయించండి. "తగినన్ని" అని రాస్తే ఒక్కటీ రాదు. జీతం ఏ తేదీలోపు బ్యాంకులో పడాలో, ఆకుల ట్రాక్టరు ఎన్నిసార్లు రావాలో రాయించండి. ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది, టాయిలెట్ ఉండాలని రాయించండి. రోజంతా వందల టాయిలెట్లు కడిగే మనిషికి తను వెళ్లడానికి ఒకటి లేని క్యాంపస్‌లు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యం, కాంట్రాక్టరు మారినా ఇప్పుడున్న మనుషుల్నే కొనసాగించాలన్న షరతు. ఇది లేకపోతే మారిన ప్రతిసారీ వాళ్ల పాత సర్వీసంతా తుడిచిపెట్టుకుపోతుంది, గ్రాట్యుటీ లాంటివి ఎప్పటికీ చేతికి రావు.

తక్కువ రేటు వేసినవాడికే పని ఇవ్వడం ఆఫీసు పద్ధతి. కనీస వేతనం తగ్గించి చూపడానికి వీల్లేదు కాబట్టి కొందరు తమ సర్వీసు చార్జి దాదాపు సున్నా వేసి టెండరు కొడతారు. లాభం లేకుండా ఎవరైనా ఎందుకు చేస్తారు? ఆ డబ్బు గ్లవ్స్‌లోంచి, సబ్బుల్లోంచి, మనుషుల సంఖ్యలోంచి వస్తుంది. బిల్లులో యాభై మంది, చీపుర్లు పట్టుకున్నవాళ్లు ముప్పై ఐదు మంది. ఆ మిగతావాళ్ల పని కూడా ఈ ముప్పై ఐదు మందే చేస్తారు. దీన్ని పట్టుకోవడానికి గొడవ అక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అగ్రిమెంటు కాపీ, గత ఆరు నెలల బిల్లుల్లో చూపించిన మనుషుల సంఖ్య, కట్టిన పీఎఫ్ మొత్తం అడుగు. 30 రోజుల్లో జవాబివ్వాలి. పేర్లు అడగకు, సంఖ్యలు అడుగు. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని ఆపేస్తారు, ఎవరెవరు మీతో ఉన్నారో కూడా బయటపడుతుంది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత అసలు యజమానిదే అన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచీ ఉన్న మాట. అంటే యూనివర్సిటీదే. "మాకు సంబంధం లేదు" అని ఎవరన్నా అంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమను. ఎవరూ రాసివ్వరు.

ఇంకో పని, ఇది నువ్వు రేపే మొదలుపెట్టొచ్చు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని వాళ్లకు పీఎఫ్ ఖాతా నంబరు, యూఏఎన్ అంటారే అది, ఉందో లేదో చూడు. వాళ్లు ఒప్పుకుంటేనే, వాళ్ల ఫోన్లోనే ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూపించు. జీతంలో 12 శాతం వాళ్లది, ఇంకో 12 శాతం యజమాని వాటా. ప్రతి నెలా పడుతోందా, పేరు సరిగ్గా ఉందా, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తోందా అని చూడు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉండాలి. కోత పడుతూ కార్డు మాత్రం చేతికి రానివాళ్లు చాలామంది ఉంటారు. పెద్దక్క పేరు ఏ పుస్తకంలోనూ లేని సంగతి నేను మర్చిపోలేదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్లకూ వర్తిస్తుంది. యూనివర్సిటీ అంతర్గత కమిటీకి వాళ్లు నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. ఆ నంబరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో, వాళ్లు చీపుర్లు పెట్టుకునే గదిలో అంటించండి.

ఆఫీసు వాళ్లను శత్రువుల్లా చూడకు. నువ్వు కమిటీలో లెక్చరర్లను నలుగురిని పెట్టుకుని సెక్షన్ వాళ్లను ఒక్కరినే పెట్టుకున్నావని విన్నాను. ఫైలు ఏ రోజు ఎవరి బల్ల మీదికి వెళ్తుందో వాళ్లకే తెలుసు. ఏ కాగితం ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్లి, తపాలు సెక్షన్‌లో ఇన్‌వర్డ్ నంబరు, తేదీ వేయించుకుని ఒకటి దగ్గర పెట్టుకో. వాట్సాప్‌లో రిజిస్ట్రారు గారికి పంపాం, బ్లూ టిక్ వచ్చింది అంటే అది ఎక్కడా నిలవదు.

ఇక నాకు అన్నిటికంటే భయం ఉన్న సంగతి. హాస్టళ్ల వెనక సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్లు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా ప్రతి ఏడూ ఆ వార్త చదువుతూనే ఉన్నాం. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన తగ్గింది కదా అని దిగుతారు. ఒకరు పడిపోతారు, లాగుదామని రెండోవాడు దిగుతాడు, అతన్ని చూసి మూడోవాడు. పరీక్షల ముందు, కొత్త బ్యాచ్ చేరే ముందు, పెద్దవాళ్లెవరైనా క్యాంపస్‌కు వచ్చే ముందు రోజు హడావుడిగా ఈ పని పెడతారు, గమనించు. సక్షన్ మెషిన్ బండి నంబరు ప్రతి వార్డెన్ గదిలో అంటించి ఉండాలి. ఇంతసేపూ అడుగు, విను, తొందరపడకు అని చెప్పాను. మూత తీసి మనిషి నడుముకు తాడు కట్టుకుంటుంటే మాత్రం ఏదీ అడగొద్దు, మీటింగు పెట్టొద్దు. అడ్డంగా నిలబడి ఆపు, కేకలు వెయ్యి, ఫోన్లు చెయ్యి. ఎవరైనా అప్పటికే లోపల పడిపోయి ఉంటే నువ్వు దిగకు. నువ్వు దిగవని నాకు మాటివ్వాలి. నీ గుణం నాకు తెలుసు, అందుకే అడుగుతున్నాను.

చివరగా నీ సంగతి. వినతిపత్రం మీద కన్వీనర్‌గా నీ ఒక్కదాని సంతకమే ఉందట. అలా ఎందుకు పెట్టావే? ధైర్యం ఉందని చూపించుకోవడానికి ఇది చోటు కాదు. నీ ఫెలోషిప్ క్లెయిమ్ మీద గైడ్ సంతకం కావాలి, హెడ్ సంతకం కావాలి. ఒక్కపేరు ఉన్న కాగితం ఇస్తే ఆ ఒక్కపేరునే పిలిచి మాట్లాడతారు. 2015లో హైదరాబాద్ యూనివర్సిటీలో నీలాగే పీహెచ్‌డీ చేస్తున్న రోహిత్ వేములకు నెలల తరబడి స్టైపెండ్ రాలేదు. తర్వాత హాస్టల్ నుంచి బయటికి పంపారు. 2016 జనవరి 17న ఆ పిల్లవాడు మనకు లేకుండా పోయాడు. అతని పరిస్థితి వేరు, నీది వేరు, ఆ తేడా నీకూ తెలుసు. కానీ ఒంటరితనం ఎవరినైనా తినేస్తుంది. ఇరవై సంతకాలు పెట్టించు, అందులో ఉద్యోగం పర్మనెంట్ అయిన లెక్చరర్లవి, సెక్షన్ వాళ్లవి పైన ఉండాలి. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ల సంతకాలు అసలు వద్దు. నీ గైడ్‌కు ఈ సంగతి ఇతరుల నోటి నుంచి తెలిసేలోపు నువ్వే వెళ్లి చెప్పు. ఆరు నెలల ప్రోగ్రెస్ రిపోర్టు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకు. నిన్ను ఆపాలనుకునేవాళ్లు ముందు వెతికేది అక్కడే.

అర్ధరాత్రి దాకా గ్రూపులో వాదించుకుంటూ కూర్చోకు. మనసు బాగాలేని రోజు కమిటీకి రాలేనని చెప్పెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు. మీ అమ్మకు వారానికి ఒకసారి నువ్వే ఫోన్ చేసి జరిగింది చెప్పు. దానికి తెలియకపోతే ఊహించుకుని భయపడుతుంది. నేను దానితో మాట్లాడతాను. చదువు మానేసి తిరగడం లేదని, చదువుతూనే చేస్తోందని చెబుతాను. నన్ను అబద్ధాలకోరును చేయకు.

మెమో గానీ షోకాజ్ గానీ వస్తే ఆ రాత్రే కోపంలో జవాబు రాసి పంపెయ్యకు. గడువు ఏ తేదీ అని ఉందో చూసుకో. కాగితానికి ముందూ వెనకా ఫొటో తీసి నాకు పంపు. అగ్రిమెంటు కాపీ చేతికి రాగానే అదీ పంపు, షరతుల భాగం నేను చదివి పెన్సిల్‌తో గుర్తులు పెడతాను. ఆ భాష నేను ఇంకా మర్చిపోలేదు.

మీ పెద్దమ్మ